తెల్లరంగు వెలిసిపోతుందా?

పిల్లలూ!

ఆమధ్య ఒకరోజు మా మనవరాలిని వెంటబెట్టుకొని మైపాడు సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. ఆరోజు శ్రీహరికోట నుంచి రాకెట్టు లేవబోతున్నది. శ్రీహరికోట మాకు దక్షిణాన చాలా దూరం. అయినా రాకెట్టు కాస్త పైకి వచ్చిందంటే మా ఒడ్డున నిలుచున్న వాళ్ళకు నిప్పుచుక్కా, దాని వెనక తెల్లని పొగతోకా కనిపిస్తాయి. అందుకని పాలెంలో సగం మంది ఇసుకలోకి వచ్చి నిలబడ్డారు.

మనవరాలు బాగా కనిపిస్తుందని ఒడ్డున లాగిపెట్టిన పడవకు వీపు ఆనించి నిలబడింది. రాకెట్టు వెళ్ళిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. తీరా వెనక్కి తిరిగి చూస్తే, పిల్ల గౌను వెనక భాగమంతా నీలం పొడి!

"తాతా, ఈ పడవకు రంగు సరిగ్గా వెయ్యలేదు," అన్నది.

"వేసినవాడు బాగానే వేశాడమ్మా. ఎండ దాన్ని పొడి చేసింది," అన్నాను.

పిల్ల కాసేపు ఆకాశం కేసి చూసి, "మరి ఇప్పుడు పైకి పోయిన ఉపగ్రహానికి కూడా రంగు వేస్తారా? అక్కడ ఎండ ఇంకా ఎక్కువ గదా. ఆ రంగు కూడా ఇట్లా రాలిపోతుందా?" అని అడిగింది.

ఇది చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు రెండు భాగాలు. మొదటి భాగం నాకు నా శిష్యుడే నేర్పాడు. రెండోది పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఒకసారి పొరపాటు పడి నేర్చుకున్నది. రెండూ చెబుతాను, వినండి.

ఉప్పుగాలా? ఎండా?

ముప్పై ఏళ్ళకు పైమాట. నేను సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో పాలెం నుంచి వచ్చే కుర్రవాడు ఒకడుండేవాడు. ఒకనాడు వాడు లేచి, "సార్, మా నాయన పడవకు ఏడాదికోసారి రంగు కొంటాడు. ఏడాది తిరిగేసరికి అది సుద్దపొడి మాదిరి చేతికి అంటుకుంటది. ఎందుకు సార్?" అని అడిగాడు.

నేను ఆలోచించకుండానే, "ఉప్పుగాలిరా. ఉప్పుగాలికి ఏదీ నిలవదు. కూర్చో," అన్నాను.

వాడు కూర్చోలేదు. "ఉప్పుగాలి అన్ని పక్కలా కొడతది గదా సార్. మరి కూర్చునే బల్ల కింద రంగు ఎందుకు పోలేదు? అక్కడ కొత్తదాని మాదిరే మెరస్తా ఉండాది," అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. జవాబు తోచనప్పుడు మాస్టార్లకు కోపం వస్తుంది. "పాఠంలో లేనివి అడక్కు," అని గద్దించాను. పిల్లలూ, ఆ మాట ఈనాటికీ నా మనసులో ముల్లులా ఉంది.

వాడు మరి మాట్లాడలేదు గాని ఊరుకోనూ లేదు. రెండు డబ్బారేకు ముక్కలు తీసుకొని రెంటికీ ఒకే డబ్బాలోని నీలం రంగు వేశాడు. ఒకదాన్ని ఇంటిచూరు కింద, గాలి కొట్టే వైపు, ఎండ తగలకుండా వేలాడగట్టాడు. రెండోదాన్ని కప్పు మీద ఎండలో పెట్టాడు. వేసవి వెళ్ళి, వానలు వచ్చి తగ్గాక రెండూ బడికి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. చూరు కింద రేకు అంచుల్లో తుప్పు పట్టింది గాని రంగు నిగనిగలాడుతున్నది. కప్పు మీది రేకును వేలితో రాస్తే వేలంతా నీలం.

"ఉప్పుగాలి రెంటికీ తగిలింది సార్. ఎండ ఒకదానికే తగిలింది," అన్నాడు.

నేను ఆ తరగతి ముందరే, "నువ్వన్నదే నిజం. నేను తప్పు చెప్పాను," అన్నాను. అప్పుడు వాడి ముఖం వెలిగిన తీరు నాకు ఇంకా జ్ఞాపకమే.

పొడి, జిగురు

ఇంతకీ ఎండ రంగును ఎట్లా పాడుచేస్తుంది?

ఏ రంగులోనైనా ముఖ్యమైనవి రెండు వస్తువులు: ఒకటి పొడి, రెండు జిగురు. నీలమో, ఎరుపో, తెలుపో కనిపించేది పొడి వల్ల. ఆ పొడిని వస్తువుకు పట్టి ఉంచేది జిగురు. మీ అమ్మమ్మగారిని అడగండి, గోడకు సున్నం వేసేటప్పుడు తుమ్మజిగురు ఎందుకు కలిపేవారని. జిగురు లేని సున్నం గోడకు ఆనుకుంటే వీపుకు అంటుతుంది. పడవ రంగులో జరిగిందీ అదే. ఎండ పైపొరలోని జిగురును తినేసింది. పట్టి ఉంచేది లేక పొడి బయట పడింది.

ఎండలో మనకు కనిపించే వెలుగు గాక కనిపించనివి కూడా ఉన్నాయి. ఇంద్రధనుస్సులో ఊదారంగుకు అవతల ఉండేవి అతినీలలోహిత కిరణాలు. ఎరుపుకు అవతల ఉండేవి పరారుణ కిరణాలు. వెలుగు ధారగా కాక చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎరుపు పొట్లంలో శక్తి తక్కువ, ఊదా పొట్లంలో ఎక్కువ, అతినీలలోహిత పొట్లంలో ఇంకా ఎక్కువ. దూదివుండతో వెయ్యిసార్లు కొట్టినా మేకు గోడలోకి దిగదు. సుత్తితో ఒక్క దెబ్బ చాలు. జిగురులోని అణువుల లంకెలను తెంచడానికి ఎర్రని వెలుగు దూదివుండ, అతినీలలోహితం సుత్తి. లంకె తెగినచోట గాలిలోని ఆక్సిజనూ, మంచుతేమా చేరి మిగతా పని పూర్తి చేస్తాయి.

మన అదృష్టం కొద్దీ, పైన ఉన్న ఓజోను పొర ఈ సుత్తుల్లో బాగా బరువైనవాటిని నేలకు రానివ్వదు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికి అటువంటి గొడుగు లేదు. అక్కడి ఎండలో నూటికి ఎనిమిది తొమ్మిది పాళ్ళు అతినీలలోహితమే.

ఉపగ్రహానికి తెల్లరంగు దేనికి?

అందం కోసమని అనుకుంటున్నారా? కాదు. ప్రాణం కోసం.

భూమికి దగ్గరలో, గాలి లేని చోట, సూర్యుడికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు మీద దాదాపు 1,360 వాట్ల ఎండ పడుతుంది. అంటే మీ ఇంటి ఇస్త్రీపెట్టె పుట్టించే వేడికంటె ఎక్కువ. కింద అయితే గాలి వచ్చి వేడిని తీసుకుపోతుంది. పైన గాలి లేదు గనుక విసనకర్ర పనిచెయ్యదు. వేడిని పోగొట్టుకోవడానికి ఒక్కటే దారి: దాన్ని పరారుణ కిరణాలుగా వెదజల్లడం.

అందుచేత ఉపగ్రహపు తెల్లరంగుకు రెండు ఉద్యోగాలు. ఎండను తిప్పికొట్టాలి, లోపలి వేడిని బయటికి పంపాలి. కొత్తగా వేసిన మంచి తెల్లరంగు నూరు పాళ్ళ ఎండలో 20 పాళ్ళు మాత్రమే లోపలికి తీసుకుంటుంది. వేడిని పంపడంలో మాత్రం నూటికి 90 పాళ్ళ సమర్థత చూపుతుంది.

ఇప్పుడొక లెక్క. వెనక నుంచి వేడి రాకుండా, పోకుండా కట్టుదిట్టం చేసిన ఒక పలకను అక్కడ సూర్యుడికి ఎదురుగా పెట్టామనుకోండి. రంగు ఎండలో 20 పాళ్ళు తీసుకుంటే పలక సుమారు సున్నాకు మూడు డిగ్రీలు దిగువన ఉంటుంది. రంగు కాస్త మాసి 30 పాళ్ళు తీసుకుంటే 26 డిగ్రీలకు చేరుతుంది. ఇంకా మాసి 40 పాళ్ళు తీసుకుంటే 48 డిగ్రీలు! చూశారా? రంగు కొంచెం మాసినందుకు పలక మంచు నుంచి మన రోహిణి కార్తె ఎండకు వచ్చింది. లోపలి బ్యాటరీలూ, కెమేరాలూ ఏమి కావాలి?

ఇసుకకు పుట్టిన జిగురు

అందువల్ల 1960 ప్రాంతాల్లో అంతరిక్ష శాస్త్రజ్ఞులు, ఎండ సుత్తిదెబ్బలకు తట్టుకొనే జిగురు కోసం వెతికారు. వాళ్ళకు దొరికింది సిలికోన్.

మామూలు జిగుర్లకు వెన్నెముక కార్బను గొలుసు. సిలికోన్‌కు వెన్నెముక సిలికానూ ఆక్సిజనూ ఒకటి విడిచి ఒకటి చేతులు పట్టుకున్న గొలుసు. ఇసుకలో ఉన్నదీ ఆ లంకే. మన తీరాన కోట, చిల్లకూరు ప్రాంతాల్లో గాజు ఫ్యాక్టరీలకోసం తవ్వి తీసే తెల్ల సిలికా ఇసుక మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఇసుక యుగాల తరబడి ఎండలో పడి ఉన్నా ఏమీ కాలేదు గదా. ఆ గట్టిదనం సిలికోన్ వెన్నెముకలో ఉంది. ఐతే ఆ వెన్నెముకకు అటూ ఇటూ చిన్న చిన్న కార్బను గుంపులు తగిలించి ఉంటాయి. వాటి మూలంగానే సిలికోన్ రాయిలా కాక రబ్బరులా వంగుతుంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది: సుత్తి వెన్నెముకను విరవలేకపోయినా ఈ గుంపులను ఊడగొట్టగలదు.

పొడికి వాళ్ళు ఎంచుకున్నది జింకు ఆక్సైడు. క్రికెట్ ఆటగాళ్ళు ఎండకు ముక్కు మీద తెల్లగా పూసుకుంటారే, ఆ లేపనంలో ఉండేది. అది అతినీలలోహితాన్ని తానే మింగి, కింద ఉన్న జిగురును చాలావరకు కాపాడుతుంది. ఈ రెండూ కలిపి అమెరికాలో షికాగో నగరపు ఐ.ఐ.టి. పరిశోధన సంస్థవారు ఎస్‌-13 అనే రంగు చేశారు. (ఆ ఐ.ఐ.టి. మనది కాదు, అక్కడి ఇల్లినాయి రాష్ట్రానిది!)

గాలి దాచిన రహస్యం

ఇక పొరపాటు సంగతి. రంగును పరీక్షించడానికి, గాలి తోడేసిన గదిలో రంగువేసిన బిళ్ళ పెట్టి, అతినీలలోహిత దీపం వెలిగించేవాళ్ళు. చాలా గంటల తరువాత దీపం ఆర్పి, గదిలోకి గాలి వదిలి, బిళ్ళను బయటికి తీసి, అది ఎంత వెలుగును తిప్పికొడుతున్నదో కొలిచేవాళ్ళు. ఎస్‌-13 పెద్దగా చెడనట్టే కనిపించింది. అందరూ సంతోషించారు.

కాని 1960 తరువాతి సంవత్సరాల్లో కొందరు, బిళ్ళను బయటికి తియ్యకుండా, గాలి వదలకుండా, లోపల ఉండగానే కొలిచే సాధనం చేశారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. గాలిలేని చోట ఆ రంగు బాగా చెడుతున్నది. గాలి తగలగానే గబగబా బాగవుతున్నది!

ఎందువల్ల? అతినీలలోహితం తగిలినప్పుడు జింకు ఆక్సైడు రేణువుల పైభాగం నుంచి కొంత ఆక్సిజన్ విడిపోయి శూన్యంలోకి పోతుంది. దాని వెనక వదులుగా మిగిలిన ఎలక్ట్రానులు పరారుణ కాంతిని మింగడం మొదలుపెడతాయి. కంటికి రంగు తెల్లగానే ఉంటుంది. కంటికి కనిపించని వెలుగులో మాత్రం అది మాసిపోయింది. గాలి వదిలేసరికి ఆక్సిజన్ తిరిగి వచ్చి ఖాళీలను పూడుస్తుంది, మరక మాయమవుతుంది. గదిలో మేలే. కాని ఆకాశంలో గాలి ఎవరు వదులుతారు?

జబ్బుమనిషి వైద్యుడి ఇంటి గుమ్మం దాకా మూలుగుతూ వచ్చి, వైద్యుడు చెయ్యి పట్టుకొనేసరికి లేచి నడిచినట్టయింది! రోగం తెలియాలంటే రోగి ఉన్న చోటే చూడాలి.

కారణం తెలిశాక మందు దొరికింది. జింకు ఆక్సైడు రేణువులకు ముందుగా పొటాసియం సిలికేటు, అంటే నీటిగాజు వంటిది, పూతగా పట్టించి, తరువాత సిలికోన్‌లో కలిపారు. పూత ఉన్న రేణువు తన ఆక్సిజన్‌ను అంత సులువుగా వదలదు. ఈ కొత్త రంగుకు ఎస్‌-13జి అని పేరు పెట్టారు.

చంద్రుడి దగ్గర చెమటలు

ఈ రంగుల గొడవ కేవలం పరీక్షగదిలోది కాదు. 1966 ఆగస్టు 10న అమెరికావారు లూనార్ ఆర్బిటర్-1 అనే నౌకను చంద్రుడి చుట్టూ తిరగడానికి పంపారు. మనుషులు దిగడానికి అనువైన చోట్లను ఫోటోలు తియ్యడం దాని పని. సూర్యుడి వైపు ఉండే దాని అడుగుపలకకు జింకు ఆక్సైడు, సిలికోన్ కలిసిన తెల్లరంగే వేశారు. అది అనుకున్నదానికంటె త్వరగా చెడింది. నౌక వేడెక్కసాగింది.

రంగు వెయ్యడానికి అక్కడికి ఎవరు వెళ్ళగలరు? భూమి మీది ఇంజనీర్లు నౌకను సూర్యుడి నుంచి 36 డిగ్రీలు పక్కకు వంచారు. మధ్యాహ్నపు ఎండకంటె సాయంకాలపు ఏటవాలు ఎండ తక్కువ కాల్చినట్టే, పలక మీద ఎండ నూటికి 19 పాళ్ళు తగ్గింది. ఐతే నౌకకు కరెంటు ఇచ్చే సౌరపలకల మీద కూడా అంతే తగ్గుతుంది! ఆ కష్టనష్టాలు లెక్కచూసుకుంటూనే నౌక పని పూర్తి చేశారు. 1966 ఆగస్టు 23న అది చంద్రుడి దగ్గర నుంచి మన భూమి బొమ్మ తీసి పంపింది. సరిగ్గా 57 ఏళ్ళకు, 2023 ఆగస్టు 23న, మన చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది 1971 అక్టోబరు 9న. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చాం!

మన చంద్రయాన్-1కు కూడా 2008 నవంబరులో చంద్రుడి దగ్గర వేడి పెరిగి 50 డిగ్రీల దాకా చేరింది. అది రంగు తప్పు కాదు, అక్కడి ఎండా, చంద్రుడి సెగా కారణం. మనవాళ్ళు కూడా నౌకను 20 డిగ్రీలు తిప్పి, కొన్ని సాధనాలను ఆపి చల్లబరచారు.

ఎస్‌-13జి గెలిచిందా?

చాలావరకు. పూర్తిగా కాదు. 1984 ఏప్రిల్‌లో అమెరికావారు బస్సంత పెద్ద పీపా ఒకటి ఆకాశంలో వదిలారు. దాని నిండా రకరకాల వస్తువుల ముక్కలు. ఏడాదిలో తిరిగి తెద్దామనుకున్నారు. ఆటంకాలు వచ్చి 1990 జనవరిలో గాని తేలేకపోయారు. అన్నేళ్ళూ అందులోని సిలికోన్ తెల్లరంగు ఎండ దెబ్బలు తిని గోధుమవన్నెకు తిరిగింది. జింకు ఆక్సైడు అదే అయినా, సిలికోన్ బదులు పొటాసియం సిలికేటునే జిగురుగా వాడిన జడ్-93 అనే రంగు తెల్లగానే నిలిచింది. దానిలో ఊడిపోవడానికి కార్బను గుంపులు లేవు మరి!

ఐతే జడ్-93 వంగదు, పెళుసు. తాకితే మరకలు పడతాయి. సిలికోన్ రంగు వెయ్యడం తేలిక, వంగినా పగలదు. ఇక్కడ కావలసిన గుణం ఒకటి తెచ్చుకుంటే అక్కడ ఒకటి పోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వేడిని వెదజల్లే పెద్ద పెద్ద పలకలకు జడ్-93 రకమే వేశారు. మన ఉపగ్రహాల్లో వేడి వదిలే పలకలకు తరచు రంగు బదులు, వెనక వెండిపూత ఉన్న పలుచని గాజుబిళ్ళలు అంటిస్తారు. గాజంటే ఏమిటి? మళ్ళీ మన ఇసుకే!

మీరు చెయ్యవలసింది

ఇంట్లో ఒక పరీక్ష చెయ్యండి. ముదురు రంగు కాగితం మీద ఆకు ఆకారంలో కత్తిరించిన దళసరి అట్ట పెట్టి, అంచులకు గుండుసూదులు గుచ్చి, నాలుగు వారాలు ఎండలో ఉంచండి. వాన వచ్చేటట్టుంటే లోపలికి తెండి. తరువాత అట్ట తీసి చూడండి. తేదీలు పుస్తకంలో రాసుకోవడం మరవకండి. సూర్యుడి కేసి మాత్రం నేరుగా చూడకూడదు.

రెండోది ఆలోచించవలసినది. నా శిష్యుడి పరీక్షలో ఒక చిన్న లోపముంది. చూరు కింద రేకుకు ఎండే కాదు, ఇంకొకటి కూడా తగలలేదు. ఏమిటది? వాన! మరి తప్పు ఎండదా, వానదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? నీడలో మూడో రేకు ఒకటి పెట్టి, దాని మీద రోజూ నీళ్ళు చల్లి ఉంటే తేలిపోయేది. ఆనాడు అది నాకూ తోచలేదు, వాడికీ తోచలేదు. మీలో ఎవరికైనా నేను చెప్పకముందే తోచి ఉంటే, మీరు మా ఇద్దరికంటె గట్టివాళ్ళు.

మనవరాలి గౌనుకు అంటిన నీలం పొడి ఏ పడవదో చెప్పలేదు గదా. ఆ కుర్రవాడిదే. పదో తరగతి తరువాత వాడు చదవలేదు; తండ్రితో వేటకు పోవలసి వచ్చింది. ఇప్పుడు తలలో నెరుపు వచ్చింది. మమ్మల్ని చూసి వచ్చి, "అయ్యో, పాప గౌను పాడయిందే సార్! ఈ ఏడు ఇంకా రంగు వెయ్యలేదు," అని నొచ్చుకున్నాడు. తరువాత మనవరాలిని ఎత్తి పడవలోకి దింపి, కూర్చునే బల్ల కింద చూడమన్నాడు. అక్కడ ఎండ తగలని చోట నీలం నిగనిగలాడుతున్నది. దాని మీద తెల్ల అక్షరాలతో, రంగు వేసిన సంవత్సరాలు వరసగా రాసి ఉన్నాయి.

"ఎందుకు రాశావు మామా?" అన్నది పిల్ల.

"ఏ రంగు ఎన్నాళ్ళు నిలిచిందో తెలియాలి గదా పాపా. మీ తాతను అడిగితే, ఉప్పుగాలి అంటాడు," అన్నాడు.

ముగ్గురం నవ్వుకున్నాం. కాని పిల్లలూ, అడిగినవాణ్ణి కూర్చోమన్న మాస్టారిని నేను. నిలబడే ఉన్నది వాడు. మీ ప్రశ్నకు వచ్చిన జవాబు మీరు కళ్ళారా చూసినదానితో సరిపడకపోతే, మర్యాదగానే, మళ్ళీ అడగండి. అప్పటికీ సరిపడకపోతే రెండు రేకు ముక్కలు వెతుక్కోండి.

కాదు, మూడు!